హేవ్‌లాక్ వంతెనను ఎందుకు ఆపేశారు, ఎందుకు కూల్చలేదు?

విశాఖ వైపు వెళ్లే రైల్లో కొవ్వూరు దాటి గోదావరి మీదకి రాగానే పక్కన ఖాళీగా నిలబడి కనిపించే పాత ఇనప వంతెన గురించి అడిగారు. అది కాటన్ దొర కట్టించిందేనా, పునాదులు దెబ్బతిని రైళ్లు ఆపేశారా, వాడనప్పుడు ఎందుకు కూల్చలేదు, ఉన్నది ఒక్కటే రైలు మార్గమైతే మూడు వంతెనలు ఎందుకు అని మీ ప్రశ్నలు. నేను రైల్వే బ్రిడ్జి విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తెలిసినంత వరకు చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు పొట్టి జవాబులు. కాటన్ దొరకీ ఈ వంతెనకీ సంబంధం లేదు. పునాదులు దెబ్బతిని ఆపలేదు. పైన ఉన్న గర్డర్లకి, అంటే రైలుని మోసే ఉక్కు దూలాలకి, వయసు మీదపడింది, వాటి మీద నడిచే రైళ్ల బరువు కట్టిన నాటి లెక్కని ఎప్పుడో దాటిపోయింది, అందుకని ఆపారు. కూల్చకపోవడానికి కారణం కొంత ఖర్చు, కొంత రాజమండ్రి జనం పట్టుదల. ఇక మూడు వంతెనల సంగతి అర్థం కావాలంటే స్పాన్ల లెక్క, అంటే ఒక కాలికీ పక్క కాలికీ మధ్య ఉండే ఖానాల లెక్క, చూడాలి. పాతదానికి 56 స్పాన్లు, రెండోదానికి 34, మూడోదానికి 28. అదే నది, దాదాపు అదే వెడల్పు. నదిలో దించే కాళ్లు ఎందుకు తగ్గుతూ వచ్చాయన్నదే ఈ వంతెనల చరిత్ర అని నా అభిప్రాయం. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

కాటన్ దొర విషయం తేల్చేద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 మధ్య. ఆయన 1860లో ఉద్యోగం విడిచి ఇంగ్లండు వెళ్లిపోయారు, 1899 జులైలో కన్నుమూశారు. ఈ వంతెన మీద రైలు నడిచింది 1900లో. పైగా ఆయన రైళ్లకంటే పడవలు తిరిగే కాలువలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించిన మనిషి. గోదావరి మీద రైలు వంతెన కట్టిన పుణ్యం ఆయన ఖాతాలో వేస్తే ఆయనే ఒప్పుకునేవారు కారేమో! అయితే పరోక్షంగా ఆనకట్ట ప్రభావం వంతెన మీద ఉంది. ఆనకట్ట వల్ల రాజమండ్రి దగ్గర నీరు నిలవ ఉంటుంది. ఎగువన ఇసుక తిన్నెలు తేలే వేసవిలో కూడా ఇక్కడ లోతు పాయలో నీరుంటుంది. అంటే కొన్ని పియర్ల (వంతెన కాళ్ల) పునాదులు ఎండాకాలంలో కూడా నీళ్లలోనే దించాలి.

తూర్పు తీరం వెంట బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను 1893 నుంచి 1896 లోపల ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. కృష్ణ మీద బెజవాడలో వంతెన పడింది. గోదావరి దగ్గరకొచ్చేసరికి లైను తెగిపోయింది. బెజవాడ నుంచి వచ్చిన రైలు కొవ్వూరులో ఆగాలి, మనుషులూ సరుకూ పడవల మీద నది దాటాలి, అవతలి గట్టున మళ్లీ రైలెక్కాలి. వరద రోజుల్లో ఆ దాటడం ఎలా ఉండేదో గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు. రెండు వైపులా లైను సిద్ధంగా ఉండి ఈ రెండున్నర కిలోమీటర్ల కోసం బెజవాడ, వాల్తేరుల మధ్య నేరుగా రైలు నడవని పరిస్థితి.

రాజమండ్రి దగ్గరే ఎందుకు అన్న ప్రశ్న చాలామందికి వస్తుంది, ఎందుకంటే ఇక్కడ నది చాలా వెడల్పు. ఎగువన పాపికొండల్లో ఇరుకు, కానీ అక్కడికి రైలు మార్గం తీసుకెళ్లడమే అసాధ్యం. దిగువకి వెళ్తే ధవళేశ్వరం దగ్గర నది గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది, ఆ కింద వైనతేయ ఇంకో పాయ. అక్కడ ఒక్క వంతెనతో పోదు, మెత్తటి డెల్టా నేలలో రెండు మూడు కట్టాలి. కొండలు దాటి మైదానంలోకి వచ్చాక, పాయలుగా చీలకముందు, ఒకే ప్రవాహంగా ఉన్న చివరి జాగా రాజమండ్రి–కొవ్వూరు. పైగా రాజమండ్రి గట్టు ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. పాత పట్టణం వందల ఏళ్లుగా అక్కడే నిలబడి ఉండటానికి కారణం కూడా అదే.

పని 1897 నవంబరు 11న మొదలైంది. మొదటి రైలు 1900 ఆగస్టు 30న నడిచింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. గోదావరిలో పని చేయగలిగేది వరద తగ్గిన నవంబరు నుంచి మళ్లీ ఎర్రనీళ్లు దిగే జూన్ దాకా మాత్రమే. అంటే వాళ్లకి దొరికినవి మూడే మూడు సీజన్లు. 56 స్పాన్లంటే నదిలో 55 పియర్లు, రెండు గట్ల మీద వంతెన కొసలు ఆనే రెండు అబట్‌మెంట్లు. ఒక్కో స్పాను 150 అడుగులు, మీటర్లలో 45.7. స్పాన్లన్నీ కలిపితేనే 2,560 మీటర్లు. క్రేన్లూ కాంక్రీటు ప్లాంట్లూ ఉన్న ఈ రోజుల్లో కూడా మూడు సీజన్లలో ఇంత పని అంటే కాంట్రాక్టరు గుటకలు మింగుతాడు.

పని నడిపించిన ఇంజినీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన (ఇప్పటి మాలవీయ వంతెన, 1887లో తెరిచారు) కట్టించింది కూడా ఈయనే. గంగ లాంటి ఇసుక నదిలో బావులు దించిన అనుభవంతో గోదావరికి వచ్చాడు. ఆ అనుభవం విలువ ఎంతో తెలియాలంటే వెల్ (పునాది బావి) దించడం ఎలాగో చెప్పాలి.

నదిలో పియర్ రావాల్సిన చోట ముందు ఒక మట్టి దిబ్బ వేస్తారు, లోతు ఎక్కువైతే పంటుల మీద నుంచి దించుతారు. దిబ్బ మీద ఉక్కు అంచున్న ఒక ఉంగరం పెడతారు. దాన్ని కర్బ్ అంటాం. కింది అంచు కత్తిలా పదునుగా ఉంటుంది. దాని మీద గుండ్రంగా మందపాటి గోడ లేపుతారు, అది స్టీనింగ్. గోడ కొంత లేచాక లోపలి ఇసుకని తోడటం మొదలుపెడతారు. లోపల ఇసుక పోయేకొద్దీ గోడ తన బరువుకి తానే కిందికి దిగుతుంది. అది దిగుతుంటే పైన మళ్లీ గోడ కడుతూ పోతారు. కట్టడం పైన, తవ్వడం కింద, రెండూ ఒకేసారి.

చెప్పినంత తేలిక పని కాదది. ఒక వైపు ఇసుక, ఇంకో వైపు బంకమట్టి తగిలిందంటే వెల్ ఒరుగుతుంది. ఒరిగిన వెల్‌ని మళ్లీ నిలబెట్టడమే మా పనిలో అసలైన విద్య. ఎత్తుగా ఉన్న వైపు ఎక్కువ తోడతారు, అటువైపే ఇనప ముక్కలో రైలు పట్టాలో బరువు పెడతారు, ఇటునుంచి దన్ను కొడతారు. ఒక్కోసారి వెల్ ఎంత తోడినా కదలదు, రోజుల తరబడి మొండికేస్తుంది, ఉన్నట్టుండి ఒక రాత్రి భళ్లున దిగబడుతుంది. సీజను ముగిసేలోపు తగినంత లోతుకి దించకపోతే వరదకి ఆ వెల్ ఏమవుతుందో దేవుడికెరుక. అందుకే మే నెల వచ్చిందంటే వెల్స్ దగ్గర పగలూ రాత్రీ తేడా ఉండదు. లోతు చేరాక అడుగున కాంక్రీటుతో బిరడా వేసి, లోపల ఇసుక నింపి, పైన మూత వేసి, ఆ మూత మీద రాతి పియర్ కడతారు. రైల్లోంచి మీకు కనిపించేది ఆ రాతి పియర్ మాత్రమే. దానికంటే పొడుగైన భాగం కింద ఉంటుంది.

ఎంత లోతుకి దించాలి? వరదలో నది అడుగు తవ్వుకుపోతుంది, అదే స్కౌర్. ఎండాకాలంలో మీరు చూసే ఇసుక మట్టం వరదలో ఉండదు, కొట్టుకుపోయి వరద తగ్గాక మళ్లీ కొత్త ఇసుక వచ్చి చేరుతుంది. మాకు దీనికి లేసీ అనే ఇంజినీరు ఇచ్చిన సూత్రం ఉంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వెళ్లింది, అంటే సెకనుకి సుమారు 99 వేల ఘనపు మీటర్లు. ఆ సంఖ్య సూత్రంలో వేస్తే వరద మట్టం నుంచి రమారమి 22 మీటర్ల లోతు వరకు అడుగు తవ్వుకుంటుందని వస్తుంది. పియర్ చుట్టూ సుడులుంటాయి కాబట్టి అక్కడ దానికి రెట్టింపు పట్టుకోవాలని నియమం. పునాది ఇంకా ఆ కిందికి వెళ్లాలి. ఇది కాగితం మీది మోటు లెక్క, నది అడుగున బంకమట్టో రాయో ఉంటే మారుతుంది. కానీ గమనించాల్సింది ఇంకోటుంది. లేసీ ఆ సూత్రం ప్రచురించింది 1930లో. వాల్టన్ బృందం దగ్గర అలాంటి సూత్రం లేదు. గంగలో, ఇతర నదుల్లో చూసిన వరదలు, మునిగిన పియర్ల అనుభవం, అంతే. అయినా ఆ పునాదులు 1953 వరదనీ 1986 వరదనీ తట్టుకున్నాయి. 1986లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులకి వచ్చింది. అప్పటికి రైలు లేకపోయినా పియర్లు నిలబడే ఉన్నాయి.

మరి 150 అడుగుల స్పాన్లే ఎందుకు? వంతెన లెక్కలో ఒక పాత సూత్రం ఉంది. స్పాను పెంచితే గర్డరు ఖర్చు గబగబా పెరుగుతుంది, పియర్ల సంఖ్య తగ్గుతుంది. ఒక పియర్ ఖర్చూ ఒక స్పాను గర్డరు ఖర్చూ దాదాపు సమానమైన చోట వంతెన మొత్తం చవక. ఆ రోజుల్లో కూలి చవక, రాయి దగ్గర్లో దొరికేది. ఉక్కు మాత్రం మన దగ్గర తయారయ్యేది కాదు. టాటావాళ్లు జంషెడ్‌పూర్‌లో ఉక్కు తీసింది 1912లో. అప్పటిదాకా ప్రతి ప్లేటూ ఓడెక్కి రావాల్సిందే. ఉక్కు ప్రియం, మనిషి శ్రమ చవక అయినప్పుడు బావులు ఎక్కువ, స్పాన్లు చిన్నవి. ఆ 55 పియర్ల వెనక ఉన్న అర్థశాస్త్రం ఇదే. చవగ్గా దొరికిన ఆ కూలీల పేర్లు ఏ రాతి పలక మీదా ఉండవు. వంతెనకి అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. రాజమండ్రిలో పాతవాళ్లు మాత్రం పాత బ్రిడ్జి అనే అంటారు.

వంతెన తెరవడానికి ముందు ఏడాదే, 1899లో, బెజవాడ–మద్రాసు లైను పూర్తయింది. గోదావరి మీద వంతెన పడగానే మద్రాసు నుంచి తీరం వెంట కలకత్తా వైపు దారి కలిసింది. 1901లో వాల్తేరు నుంచి దక్షిణ భాగం మద్రాసు రైల్వే చేతికి వెళ్లింది, తర్వాత మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1951లో సదరన్ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే. బోర్డు మారింది, వంతెన అదే. నది మధ్యలో పియర్ల దగ్గర ఉన్న లంకకి బ్రిడ్జిలంక అనే పేరు స్థిరపడిపోయింది. ప్రతి పెద్ద వరదకీ కేతావారిలంకతో పాటు దాన్ని ఖాళీ చేయించారన్న వార్త పేపర్లో చూసే ఉంటారు.

వంతెన కష్టాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. మొదటిది, అది సింగిల్ లైను. అటునుంచి రైలు వంతెన దాటి స్టేషను చేరేదాకా ఇటు రైలు కదలడానికి వీల్లేదు. లైను మీద రైళ్లు తక్కువగా ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు. తర్వాత రెండు వైపులా డబుల్ లైను వేస్తూ వచ్చి గోదావరి దగ్గర సీసా మెడలా ఇరుక్కుపోతే, కొవ్వూరులోనో గోదావరి స్టేషన్లోనో రైలు నిలబడటం మామూలైపోయింది. గోదావరి స్టేషన్లో రైలు ఆగిపోతే రాజమండ్రి స్టేషను కూతవేటు దూరంలో ఉన్నా దిగి నడిచే వీల్లేక తిట్టుకున్న తరం మాది.

రెండోది బరువు. 1890లలో ఇంజన్లు చిన్నవి. 1926లో వచ్చిన బ్రాడ్‌గేజ్ మెయిన్‌లైన్ ప్రమాణం ఇరుసుకి 22.9 టన్నులు. 1987 నాటి సవరించిన ప్రమాణంలో అది 25 టన్నులు. వాల్టన్ కాలంలో గీసిన గర్డరు ఈ లెక్కలకి గీసింది కాదు. రైలు వెళ్లిన ప్రతిసారీ ఉక్కు ఒకసారి సాగి, ఒకసారి ముడుచుకుంటుంది. ఒక్కసారికి ఏమీ కాదు. లక్షలసార్లు అయ్యాక రివెట్ (ప్లేట్లని కలిపి బిగించే మేకు) రంధ్రాల అంచుల్లో కంటికి కనపడని బీటలు మొదలవుతాయి. దీన్నే ఫెటీగ్ అంటాం. దానికి మొదటి చికిత్స వేగం తగ్గించడం, రెండోది బరువైన బళ్లని ఆపడం, మూడోది గర్డరు మార్చడం. మన దేశంలో పాత గర్డర్లున్న దాదాపు ప్రతి వంతెనా ఈ మూడు మెట్లూ దిగింది.

రివెట్లు ఎలా చూస్తారో చాలామందికి తెలియదు, చెబుతాను. 110 గ్రాముల చిన్న సుత్తి ఉంటుంది. ఎడమ చేతి చూపుడు వేలు రివెట్ తలకీ పక్క ప్లేటుకీ రెండింటికీ తగిలేలా ఆనించి పెట్టాలి. ఎదుటి వైపు నుంచి సుత్తితో గట్టిగా కొట్టాలి. గట్టి రివెట్ అయితే వేలికి ఏమీ తెలియదు, చప్పుడు ఖంగుమంటుంది. వదులైతే వేలి కింద సన్నగా అదురుతుంది, చప్పుడు బొంగురుగా వస్తుంది. దాని చుట్టూ తుప్పు ఎర్రగా గీతలా కారి ఉంటే వేలు కూడా అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు చెవిని నమ్ముకుంటారు, గాలి హోరులో చెవి మోసం చేస్తుంది. ముసలి మేస్త్రీలు వేలిని నమ్ముకునేవారు. 56 స్పాన్లలో రివెట్లన్నీ ఇలా చూడాలి, కింద గోదావరి, తల మీద రైలు. గర్డరు చివరలు పియర్ మీద ఆనే బేరింగులది మరో పని. ఎండకి గర్డరు పొడుగవుతుంది, రాత్రికి కుదించుకుంటుంది. ఒక చివర రోలర్ల మీద అటూ ఇటూ జరిగితేనే పియర్ మీద ఒత్తిడి పడదు. రోలర్లు మట్టీ తుప్పూ పట్టి బిగుసుకుంటే గర్డరు పియర్‌ని తోస్తుంది. అందుకని మూడేళ్లకోసారి గర్డరుని జాకీల మీద లేపి, బేరింగులు కడిగి, గ్రీజు పెట్టాలని నియమం. పియర్ల చుట్టూ అడుగు తవ్వుకుపోయిన చోట బండరాళ్లు పోయడం ఏటా ఉండే పనే.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. గోదావరి రాగానే డబ్బులు వేసి దణ్ణం పెట్టుకోవడం మన అలవాటు, కాదనను. కానీ వేగంగా వెళ్లే రైల్లోంచి విసిరిన బిళ్ల నీళ్లలోకి వెళ్లేముందు గర్డరుకి తగిలి ఎటైనా ఎగురుతుంది, వంతెన మీద కీమ్యాన్ (పట్టాలు చూసే మనిషి) నడుస్తూ ఉండొచ్చు. వేయాలనుకుంటే ఘాటుకి వెళ్లి వేయండి.

రెండో వంతెన 1974లో తెరిచారు. కింద సింగిల్ రైలు లైను, పైన రోడ్డు. కట్టింది బ్రెయిత్‌వెయిట్, బర్న్ అండ్ జెస్సప్ కంపెనీ. అప్పటిదాకా కొవ్వూరు నుంచి రాజమండ్రికి బస్సు మీద నేరుగా వెళ్లే దారి లేదు, రైలు కాకపోతే లాంచీలే గతి. అందుకే ఉభయ గోదావరి జిల్లాల జనానికి ఇది రైలు వంతెన కంటే రోడ్డు వంతెనగానే గుర్తు. రైలు భాగం 2.8 కిలోమీటర్లు, రోడ్డు భాగం 4.1. అదే నదికి ఈ తేడా ఏమిటంటే, రోడ్డు రైలు పైన ఉంది కదా, అంత ఎత్తు నుంచి నేల మీదకి బళ్లు మెల్లగా దిగడానికి రెండు వైపులా పొడుగాటి వాలు కావాలి.

స్పాన్లు చూడండి. 91.5 మీటర్లవి 27, 45.72 మీటర్లవి 7. అంటే మూడు వందల అడుగులవి 27, నూటయాభై అడుగులవి 7 అన్నమాట. దేశం మీటర్లలోకి వచ్చేసినా బ్రిడ్జి ఇంజినీర్ల బుర్రలో అడుగులే ఉన్నాయి! స్పాను రెట్టింపయింది, కాళ్లు 33కి తగ్గాయి. ఉక్కు ఇప్పుడు దేశంలోనే దొరుకుతోంది. వెల్ దించడం మాత్రం ఖరీదైంది. ఆ చిన్న స్పాన్లలో ఆరు రాజమండ్రి వైపు 6 డిగ్రీల వంపులో ఉంటాయి. మా లెక్కలో 1750ని డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది, అంటే సుమారు 292 మీటర్లు. మెయిన్ లైనుకి అది చాలా బిగువు వంపు. 1900లో కట్టినప్పుడు గట్టు మీద కావలసినంత జాగా. డెబ్బై ఏళ్లు గడిచేసరికి గట్టు నిండా ఊరు. ఇళ్లు కూలగొట్టకుండా వంతెననే వంచారు. ఆ వంపులో రైలు మెల్లగా వెళ్తూ చక్రాలు పట్టాని రాసుకుంటూ కీచుమనడం వినే ఉంటారు. ఊరి మధ్య ఉన్న నదికి వంతెన కట్టేవాడికి నది ఒక్కటే సమస్య కాదు, గట్టు మీద మనుషులు కూడా లెక్కలోకి వస్తారు.

ఇలా డబుల్ లైను వచ్చింది, ఒక లైను కొత్తదాని మీద, ఒక లైను పాతదాని మీద. పాతదాని గర్డర్ల సంగతి మాత్రం రోజురోజుకీ తీసికట్టే. అక్కడ రెండు దారులున్నాయి. ఉన్న పియర్ల మీదే కొత్త గర్డర్లు పెట్టడం ఒకటి. దేశంలో చాలాచోట్ల ఇలా చేశారు. కానీ దానికి లైను ఆపాలి, 56 స్పాన్లు మార్చేదాకా హౌరా–మద్రాసు మార్గం ఒంటికాలి మీద నడవాలి. పైగా కొత్త బరువుకి పాత రాతి పియర్లు ఎంతవరకు ఆగుతాయో లెక్క తేలాలి. రెండో దారి పక్కన కొత్తది కట్టుకుని, పూర్తయ్యాక పాతదాన్ని పక్కన పెట్టడం. రెండోదే ఎంచుకున్నారు. నా మటుకు నాకు అది సరైన నిర్ణయమే.

మూడో వంతెన పని 1991లో మొదలై, 1997లో రైళ్లు నడిచాయి. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టింది. 97.55 మీటర్ల స్పాన్లు 28, మొత్తం పొడవు 2.7 కిలోమీటర్ల పైన. ఫొటోల్లో రాజమండ్రి గుర్తుగా వేసే కాంక్రీటు కమానుల వంతెన ఇదే. అందరూ అందం కోసం కమానులు పెట్టారనుకుంటారు. కమాను బరువుని రెండు చివరలకీ తోస్తుంది, కిందికే కాదు, పక్కలకి కూడా. కొండల మధ్య అయితే ఆ పక్కతోపుని రాయి భరిస్తుంది. ఇసుకలో దించిన వెల్‌కి పక్కతోపు సరిపడదు. అందుకని కమాను రెండు కొసల్నీ కింద గట్టి గర్డరుతో బిగించి కట్టేశారు, విల్లుకి నారి కట్టినట్టు. పక్కతోపంతా ఆ నారిలాంటి గర్డరే తీసుకుంటుంది, పియర్ మీద నిలువు బరువు మాత్రమే పడుతుంది. పట్టాలున్న ఆ కాంక్రీటు పెట్టె గర్డరు కమానుల నుంచి హ్యాంగర్లతో వేలాడుతూ ఉంటుంది. లోపల బిగించిన ఉక్కు తీగలు దాన్ని ఎప్పుడూ నొక్కి పట్టి ఉంచుతాయి, కాబట్టి కాంక్రీటు పగలదు. రంగు వేయక్కర్లేదు, రివెట్లు కొట్టి చూడక్కర్లేదు. నిర్వహణలో నలిగిపోయిన వాడిగా చెబుతున్నా, మూడో వంతెనని ఉక్కుతో కట్టకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు. కాళ్లు 27కి తగ్గాయి, పాతదాంట్లో సగం.

అలా హేవ్‌లాక్ వంతెన 1997లో, 97 ఏళ్ల పనిలోంచి తప్పుకుంది. తర్వాత ఏం చేయాలన్నది ఏళ్ల తరబడి నలిగింది. ఇనుము తూకానికి అమ్మేయవచ్చు కదా అన్నవాళ్లున్నారు. అమ్మొచ్చు, కానీ ప్రవహించే నది మీద నుంచి 56 స్పాన్లు దింపడం కూడా కట్టడమంత పనే. గర్డర్లు తీసినా పియర్లు ఉండిపోతాయి. వాటిని నది అడుగు దాకా తొలగించకపోతే వరదకి అడ్డు, పడవలకి ప్రమాదం, తొలగిస్తే ఆ ఖర్చు పాత ఇనుము రేటుని మింగేస్తుంది. పక్కనున్న వంతెన పియర్ల దగ్గర పేలుడు పెట్టడం అసలే కుదరని పని. ఊళ్లో జనం కూడా దాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు, నడకదారిగా మార్చండి, పర్యాటకానికి వాడండి అని అడుగుతూనే ఉన్నారు. చివరికి కేంద్రం నిధులతో అఖండ గోదావరి పథకం కింద 94.44 కోట్ల రూపాయలు మంజూరై, 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పుష్కరాల రేవు, ఈ పాత వంతెన రెండూ అందులో ఉన్నాయి. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు కాబట్టి తొందర ఉంది.

మీరు అడగకపోయినా, జనం నడిస్తే ఆగుతుందా అని తర్వాత వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి దాని లెక్క కూడా చెబుతాను. యాత్రాస్థలాల్లాంటి రద్దీ చోట్ల నడకదారికి చదరపు మీటరుకి 500 కిలోలు పట్టుకోవాలని మన రోడ్డు కోడు చెబుతుంది. అయిదు మీటర్ల వెడల్పు దారి నిండా జనం నిలబడినా మీటరు పొడవుకి రెండున్నర టన్నులు. రైలు విషయానికొస్తే 1926 ప్రమాణంలో వ్యాగన్ల బరువే మీటరుకి 7.67 టన్నులు, ఇంజను దానికి అదనం. ఈ గర్డర్లు అందులో ఎంత మోసినా, జనం బరువు వాటికి పెద్ద లెక్కలోది కాదు. ప్రధాన గర్డరు గురించి నాకు భయం లేదు. నాకు అనుమానమున్నవి చిన్న ముక్కలు: పట్టా కింద అడ్డంగా ఉండే దూలాలు, పక్క బిగింపులు, నీళ్లు నిలిచి మట్టి పేరుకునే మూలలు. 1997 నుంచి ఏ రైలూ నడవలేదంటే అంతవరకు ఫెటీగ్ పెరగలేదన్నమాట. తుప్పుకి మాత్రం రిటైర్‌మెంట్ లేదు. రైలు నడిచే వంతెనకి ఎవరో ఒకరు రోజూ నడిచి చూస్తారు, ఆగిపోయిన వంతెనకి ఆ కళ్లు ఉండవు.

అందుకని పైన టైల్సూ దీపాలూ బిగించేముందు ప్రతి స్పానులో దూలాల మందం అల్ట్రాసోనిక్ గేజితో కొలిచి, తరిగిపోయినవి మార్చాలి. బిగుసుకుపోయిన బేరింగులు జాకీలు పెట్టి విడిపించాలి. గజ ఈతగాళ్లని దించి నీళ్లలో ఉన్న పియర్ల అడుగు చూడాలి, ఎందుకంటే పక్కన మరో వంతెన కాళ్లు వచ్చాక సుడులు మారి ఉంటాయి. జనం ఎక్కే చోటు, దిగే చోటు వేరుగా ఉండాలి, మధ్యలో ఎంతమంది ఉండొచ్చో లెక్క పెట్టి ఆపే మనిషి ఉండాలి. పుష్కరాల రద్దీలో రెండున్నర కిలోమీటర్ల ఇరుకు దారి మీద తొక్కిసలాట జరిగితే గర్డరు ఎంత గట్టిగా ఉన్నా ఒరిగేదేమీ లేదు. పని చేసేవాళ్లలో పాత రివెట్ వంతెన మీద చేయి పెట్టినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటే మంచిది. అలాంటివాళ్లు రాజమండ్రి, విజయవాడల్లో ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తారు.